పెర్రీ మేసన్‌ని పుట్టించిన ప్లీడరు

అడిగిన ప్రశ్న ఇది: "మూడేళ్లుగా క్రిమినల్ సైడ్ జూనియర్‌గా ఉన్నాను. నవల రాయాలని కోరిక. పెర్రీ మేసన్ అనే లాయరు హీరోగా నవలలు రాసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కూడా లాయరేనట. నిజంగా కోర్టులో వాదించాడా? తన కేసుల్నే నవలలు చేశాడా? ప్రాక్టీసు ఎప్పుడు మానేశాడు? ఆయన్ని ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?"

ముందు పొట్టిగా చెప్పేస్తాను. వాదించాడు, బాగా వాదించాడు. కేసుల్ని ఉన్నదున్నట్టు నవలలు చెయ్యలేదు. ప్రాక్టీసు మాత్రం మొదటి కథ అమ్ముడుపోయాక కూడా దాదాపు పన్నెండేళ్లు వదల్లేదు. నేను జిల్లా కోర్టులో సెషన్స్ కేసులు చూసేవాణ్ణి, సాహిత్య విమర్శకుణ్ణి కాదు. కాబట్టి కింద రాసేదంతా ఒక ప్లీడరు కళ్లతో చూసిందే అనుకోండి.

గార్డ్‌నర్ 1889 జులై 17న అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మాల్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి గనుల ఇంజనీరు. ఆయన ఉద్యోగం వెంట కుటుంబం పడమటి తీరానికి వెళ్లింది. కుర్రాడు చదువులో కన్నా బాక్సింగ్‌లో చురుకు. ఇండియానాలో వాల్పరైజో యూనివర్సిటీలో లా చదవడానికి చేరి, ఆ బాక్సింగ్ గొడవలోనే నెల రోజులకే బయటికొచ్చేశాడు. తర్వాత కాలిఫోర్నియాలో లాయర్ల ఆఫీసుల్లో టైపు కొడుతూ, అక్కడి పుస్తకాలే చదువుకుని, 1911లో బార్ పరీక్ష పాసయ్యాడు. అప్పటికి ఇరవై రెండు నిండలేదు. లా డిగ్రీ లేదు. మన దగ్గరా ఒకప్పుడు ఇలాంటి దారి ఉండేది. టంగుటూరి ప్రకాశం గారు బారిస్టర్ కాకముందు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరే కదా. అడ్వకేట్స్ యాక్ట్ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది.

ప్రాక్టీసు పెట్టింది ఆక్స్‌నార్డ్‌లో. చక్కెర దుంపల పంట, చక్కెర ఫ్యాక్టరీ, పొలాల్లో పనిచేసే చైనా, మెక్సికో కూలీలు, అదీ ఊరు. పెద్ద క్లయింట్లందరూ పాత లాయర్ల దగ్గర ఉంటారు, కొత్తవాడికి మిగిలేది ఎవరూ ముట్టుకోని కేసులు. గార్డ్‌నర్ దగ్గరికి చైనావాళ్లు వచ్చారు. వాళ్ల తరఫున గట్టిగా నిలబడ్డాడు, వాళ్లూ ఆయన్ని పెద్ద లాయరని పిలుచుకున్నారు.

వాటిలో ఒక కేసు మీలాంటి వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. లాటరీ టికెట్లు అమ్ముతున్నారని చైనా వ్యాపారుల మీద వారెంట్లు వచ్చాయి. అరెస్టు చెయ్యాల్సిన అధికారులకి ఆ మనుషుల మొహాలు విడివిడిగా తెలీవు. ఫలానా కొట్లో ఉన్నవాడు ఫలానా అని కొట్టుని బట్టే గుర్తు. ఈ సంగతి గార్డ్‌నర్ పసిగట్టాడు. ఒకడి కొట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టి మొత్తం తారుమారు చేయించాడు. అధికారులు వచ్చి, కొట్టుని బట్టి మనిషిని పట్టుకుపోయారు. తీరా చూస్తే వారెంటులో ఉన్న పేరు ఒకడిది, పట్టుబడ్డవాడు ఇంకొకడు. కేసు నిలబడలేదు.

ఇప్పుడు 1934లో వచ్చిన ‘ద కేస్ ఆఫ్ ద హౌలింగ్ డాగ్’ చూడండి. అందులో టాక్సీ డ్రైవర్ ఒకడు ఒకావిణ్ణి గుర్తుపట్టాలి. మేసన్ అతని ముందుకి అలాంటి వేషంలో ఇంకో ఆడమనిషిని పంపుతాడు, డ్రైవర్ ఆ వచ్చినావిడే తను చూసినావిడ అనుకుంటాడు. అక్కడితో ఆ సాక్ష్యం పోయింది. చైనా కొట్లు లేవు, లాటరీ లేదు, వారెంట్లు లేవు. మిగిలింది ఒక్కటే: కళ్లతో చూశానని చెప్పేవాడు చాలాసార్లు చూసింది మనిషిని కాదు, చుట్టూ ఉన్న సందర్భాన్ని. మనం టి.ఐ. పెరేడ్ (వరసలో నిలబెట్టినవాళ్లలో ముద్దాయిని సాక్షి గుర్తుపట్టే పరీక్ష) జరిపిన మేజిస్ట్రేటుని క్రాస్ చేసేటప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, తవ్వేది కూడా ఇదే. పెరేడ్‌కి ముందు సాక్షికి ఫోటో చూపించారా, ముద్దాయిని స్టేషన్‌లో చూశాడా, వరసలో నిలబెట్టిన మిగతావాళ్లు అదే వయసు, అదే ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లేనా అని. కేసు వాస్తవాల్ని వదిలేసి, ఆ కేసు పనిచేసిన కీలుని తీసుకున్నాడు గార్డ్‌నర్. మీ రెండో ప్రశ్నకి నా జవాబు అదే.

మధ్యలో లా విసుగొచ్చి కొన్నాళ్లు టైర్ల సామాన్లు అమ్మే సేల్స్‌మన్‌గా తిరిగాడు. ఆ వ్యాపారం దెబ్బతిన్నాక 1921లో వెంచురాకి వచ్చి మళ్లీ లాయరయ్యాడు. రాయడం మొదలుపెట్టిందీ, మొదటి కథ అమ్మిందీ ఆ రోజుల్లోనే. అప్పట్లో అమెరికాలో చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలుండేవి, పల్ప్ మ్యాగజైన్లు అంటారు. మాటకింత అని లెక్కగట్టి డబ్బిచ్చేవారు.

1923లో ‘బ్లాక్ మాస్క్’ అనే పత్రికకి చార్లెస్ ఎం. గ్రీన్ అనే మారుపేరుతో ఒక కథ పంపాడు. తిరిగొచ్చింది. దాంతోపాటు ఆఫీసులోవాళ్లు తమలో తాము రాసుకున్న చీటీ కూడా పొరపాటున వచ్చేసింది. పాత్రలు డిక్షనరీల్లా మాట్లాడుతున్నాయనీ, కథ బూజుపట్టిపోయిందనీ అందులో ఉంది. ఇంకొకడైతే ఆ చీటీ చింపి పొయ్యిలో పడేసేవాడు. ఈయన దాన్ని ఎదురుగా పెట్టుకుని మూడు రాత్రులు కూర్చుని కథంతా తిరగరాశాడు. రెండు వేళ్లతో టైపు కొట్టడం వల్ల వేళ్లు పుండ్లు పడ్డాయి. ఈసారి తీసుకుని 160 డాలర్లు ఇచ్చారు. మన సీనియర్లు డ్రాఫ్టు మీద ఎర్రసిరాతో గీకి మొహాన కొట్టినప్పుడు మనం పడే బాధకీ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే తిట్టులో సమాచారం ఎంతుందో వెతుక్కోవడం ఆయనకి కోర్టు నేర్పింది. ఎదుటి లాయరు అభ్యంతరం చెప్పినప్పుడు కోపం తెచ్చుకునేవాడి కన్నా, ప్రశ్నలో లోపం ఎక్కడుందో చూసి వెంటనే మార్చి అడిగేవాడే నెగ్గుతాడు.

ఆ తర్వాత పదేళ్లు ఆయన పెట్టుకున్న లెక్క వింటే కళ్లు తిరుగుతాయి. పగలు కోర్టు, రాత్రి రోజుకి 4,000 మాటలు. అలా ఏడాదికి 12 లక్షల మాటల లెక్క. ఎన్నో మారుపేర్లు, కౌబాయ్ కథలు, దొంగల కథలు, ఏది అడిగితే అది. నీ హీరో పిస్టల్లో ఆఖరి గుండుతోనే ఎందుకు కొడతాడు అని అడిగితే, పేలిన ప్రతి గుండుకీ నాకు మూడు సెంట్లు, మిగిలిన గుళ్లు ఉండగా పోరాటం ఎలా ముగిస్తాను అని జోకు వేసేవాడు.

ఇంత సరుకు ఎలా తయారుచేశాడంటే, అట్టముక్కలతో చక్రాలు చేసుకున్నాడు. గుండ్రంగా కత్తిరించిన అట్ట, మధ్యలో తిరిగే ముల్లు, చుట్టూ గళ్లలో రాసిన పరిస్థితులు. ఒక చక్రంలో కథానాయకుడికి అడ్డుపడే చిన్న పాత్రలు, ఇంకోదాంట్లో వాణ్ణి తప్పుదారి పట్టించే ఆధారాలు, మరోదాంట్లో పరిస్థితిని ముదరబెట్టే మలుపులు. తిప్పితే ఎక్కడ ఆగితే అది తీసుకుని దానిమీద ఆలోచించేవాడు. ఆయన కాగితాలు ఇప్పుడు ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ వారి హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో ఉన్నాయి. ఆస్టిన్‌లో మన తెలుగువాళ్లు బోలెడుమంది, ఆసక్తి ఉన్నవాళ్లు వెళ్లి అడగొచ్చు. ఈ చక్రాల సంగతి వినగానే యంత్రంలా రాశాడని కొందరు చప్పరిస్తారు. నాకలా అనిపించదు. అడ్డుపడే చిన్న పాత్ర అన్న గడి ఊరికే పుట్టలేదు. నిజమైన కేసులో మనల్ని ముంచేది పెద్ద సాక్షి కాదు. లాడ్జి రిజిస్టర్ తెచ్చిన గుమాస్తా, ఫోన్ రికార్డు తెచ్చిన నోడల్ ఆఫీసర్, ఎవరూ పట్టించుకోని వాచ్‌మన్. ఇరవై ఏళ్లు కోర్టులో తిరిగినవాడే అలాంటి గడి రాసుకోగలడు.

1930ల మొదట్లో టైపు వదిలి డిక్టేషన్‌కి మారాడు. ప్లాటు చేత్తో రాసుకుని, తర్వాత నోటితో చెప్పేస్తుంటే సెక్రటరీలు రాసుకుని టైపు చేసేవారు. 1933లో మారో అనే ప్రచురణ సంస్థ నుంచి మొదటి పెర్రీ మేసన్ నవల ‘ద కేస్ ఆఫ్ ద వెల్వెట్ క్లాస్’ వచ్చింది. అదే పాత్రతో వరసగా రాయమని ప్రచురణకర్త థేయర్ హాబ్సన్ సలహా. ప్రాక్టీసు దాదాపుగా వదిలింది అప్పుడే. మొత్తం మేసన్ నవలలు 82. ఎ.ఎ. ఫెయిర్ పేరుతో రాసిన డిటెక్టివ్ నవలలు వేరు.

ఇక మేసన్ కోర్టు సీన్ల దగ్గరికి వద్దాం. మన బార్ రూముల్లో తరచూ వినపడే మాట: "అవన్నీ సినిమా సీన్లండీ, బోనులో సాక్షి ఏడ్చి నేనే చంపానంటాడా?" నిజమే, అనడు. కానీ ఆ సీన్లు జరిగేది ఎక్కడో గమనించండి. చాలా నవలల్లో జ్యూరీ ట్రయల్ ఉండదు, ప్రిలిమినరీ హియరింగ్ ఉంటుంది. కాలిఫోర్నియాలో పెద్ద నేరం కేసు పై కోర్టుకి వెళ్లేముందు మేజిస్ట్రేటు దగ్గర ప్రాసిక్యూషన్ కొందరు సాక్షుల్ని పెట్టి, కేసు నడపడానికి సరిపడా ఆధారం ఉందని చూపించాలి. డిఫెన్సు క్రాస్ చెయ్యొచ్చు. నవలాకారుడికి దీనివల్ల ఎంత సుఖమో లెక్కెయ్యండి. జ్యూరీ ఎంపికకి పేజీలు తగలెయ్యక్కర్లేదు. పన్నెండుమందికి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. హత్య జరిగి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి నెత్తురు ఇంకా తడిగానే ఉంటుంది, పాఠకుడికి అన్నీ గుర్తుంటాయి. అసలు హంతకుడు బయటపడితే మేజిస్ట్రేటు అక్కడికక్కడే ముద్దాయిని వదిలెయ్యొచ్చు. ప్రొసీజర్ తెలిసినవాడు మాత్రమే కనిపెట్టగల అడ్డదారి ఇది. నాకు ఆయన రచనలో అన్నిటికన్నా నచ్చిన తెలివి కూడా ఇదే.

మనకీ ఇలాంటిది ఒకటుండేది. 1898 నాటి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో కమిటల్ ఎంక్వయిరీ. మేజిస్ట్రేటు ముందు సాక్ష్యం నడిచి, తర్వాత కేసు సెషన్స్‌కి వెళ్లేది. అక్కడ చెప్పిందీ ఇక్కడ చెప్పిందీ పక్కపక్కన పెట్టి సాక్షిని ఇరకాటంలో పెట్టేవారు. 1973 కోడ్‌లో సెక్షన్ 209 వచ్చాక అదంతా పోయింది. ఇప్పుడు ముద్దాయికి కాపీలిచ్చి పంపడమే. అందుకే మేసన్ పద్ధతిని తెలుగులోకి దించాలని చూస్తే ఎక్కడో ఒకచోట బెసుకుతుంది. మన సాక్షి ఏళ్ల తర్వాత బోనెక్కుతాడు. ఈలోగా ఊళ్లో రాజీ అయిపోయి ఉంటుంది, పెళ్లి సంబంధం కలిసి ఉంటుంది, కొడుకు హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడు. సాక్షి హోస్టైల్ అవుతాడు, అంటే ముందు చెప్పిన మాట తిప్పేస్తాడు. కథ ఉన్నది ఆ ఏళ్లలోనే. మీరు రాస్తే అది రాయండి.

మేసన్ క్రాస్‌కీ మన క్రాస్‌కీ ఇంకో తేడా ఉంది. పోలీసులు కత్తి స్వాధీనం చేసుకున్నప్పుడు మధ్యవర్తిగా రిపోర్టు మీద సంతకం పెట్టిన వీఆర్వో బోనులో ఉన్నాడనుకోండి. రిపోర్టు ఎక్కడ కూర్చుని రాశారు? ఎవరి చేతిరాత? కత్తికి చీటీ అతికించారా? ఆ చీటీ మీద మీ సంతకం ఉందా? "లేదండీ." అంతే, కూర్చోవాలి. "ఎందుకు లేదు?" అని అడిగారో, ఆయన ఏదో ఒక కారణం చెప్పి ఆ కన్నం పూడ్చేస్తాడు. మేసన్ మాత్రం ఎందుకు అని అడుగుతాడు. ఎందుకంటే ఆ "లేదండీ" విలువ జడ్జికి తెలుసు, పాఠకుడికి తెలీదు. గార్డ్‌నర్‌కి రెండు పద్ధతులూ తెలుసు. కోర్టులో ఎక్కడ ఆగాలో తెలిసినవాడు కాబట్టే నవలలో ఎక్కడ ఆగకూడదో కూడా తెలిసింది. పనిలో పనిగా ఇంకోటి: మేసన్ చేసే చిత్రాలు, ఆధారాల్ని అటూ ఇటూ చెయ్యడం, సాక్షులకి మాయవేషాలు చూపించడం, మన దగ్గర చేస్తే అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 35 కింద బార్ కౌన్సిల్ నోటీసు గ్యారంటీ. అందుకే సరదాగా చదవండి, ప్రయోగం మాత్రం చెయ్యకండి.

ఆయన జీవితంలో చాలామందికి తెలియని భాగం రచయితగా పేరొచ్చాక జరిగింది. విలియం లిండ్లీ అనే పొలం కూలీకి ఒక బాలిక హత్య కేసులో మరణశిక్ష పడింది. అతని తరఫు లాయరు వచ్చి గార్డ్‌నర్‌ని రికార్డు చూడమన్నాడు. ఈయన చేసిందేమీ మేసన్ తరహా కాదు. సాక్షులు చెప్పిన టైములన్నీ తీసి వరసగా పట్టిక వేశాడు. ఒక్కో సాక్షి మాట విడిగా చూస్తే సరిగానే ఉంది. అన్నీ ఒకే పట్టికలో పెడితే మాత్రం, నేరం జరిగిన సమయానికి లిండ్లీ ఇంకోచోట ఇంకొకరి కళ్లెదుట ఉన్నాడని తేలుతోంది. దాన్ని పట్టుకుని పై కోర్టు న్యాయమూర్తులకీ, గవర్నర్ ఆఫీసుకీ రాశాడు. మరణశిక్ష ఆగి యావజ్జీవంగా మారింది.

సెషన్స్ కేసులు చేసే జూనియర్లందరికీ నేను ఈ పట్టిక పని చెబుతుంటాను. ఛార్జిషీటు రాగానే ఎఫ్ఐఆర్ టైము, అది మేజిస్ట్రేటుకి చేరిన టైము, ఇన్‌క్వెస్ట్ (శవ పంచనామా) మొదలైన టైము, పోస్ట్‌మార్టం రిపోర్టులో డాక్టరు రాసిన టైము ఒక తెల్లకాగితం మీద నిలువుగా రాసుకుంటే సగం క్రాస్ దానంతటదే బయటికొస్తుంది. డిటెక్టివ్ నవల ప్లాటుకి కావలసింది కూడా అచ్చం అదే కాగితం.

లిండ్లీ కేసు తర్వాత 1948లో ‘ఆర్గసీ’ పత్రిక ప్రచురణకర్త హ్యారీ స్టీగర్‌తో కలిసి ‘కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ మొదలుపెట్టాడు. పేరుకి కోర్టే గానీ అధికారం ఏమీ లేదు. అప్పీళ్లన్నీ అయిపోయి జైల్లో మగ్గుతున్నవాళ్ల కేసుల్ని నిపుణులతో మళ్లీ చూపించి, తేలింది పత్రికలో అచ్చు వేయడమే. డాక్టరూ లాయరూ అయిన లెమోయిన్ స్నైడర్, ప్రైవేట్ డిటెక్టివ్ రేమండ్ షిండ్లర్, లై డిటెక్టర్ నిపుణుడు లియోనార్డ్ కీలర్ అందులో ఉన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో క్లారెన్స్ బోగీ అనే అడవి కార్మికుడు ఏళ్ల తరబడి జైల్లో ఉండి, వీళ్ల పని వల్ల బయటికొచ్చాడు. ఈ కేసుల మీద గార్డ్‌నర్ రాసిన పుస్తకానికి 1953లో అమెరికా మిస్టరీ రచయితల సంఘం ఇచ్చే ఎడ్గార్ అవార్డు వచ్చింది. కల్పన కాని నేర రచనల విభాగంలో. ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది, లై డిటెక్టర్ మీద అంత నమ్మకం పెట్టుకోవడం. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్షలు చెయ్యకూడదని చెప్పింది, నేను ఆ పక్షం. మంచి పనికి వాడినంత మాత్రాన మిషన్ నిజం చెబుతుందని నమ్మలేం.

టీవీ సంగతి తొందరగా చెప్పేస్తాను. 1930ల్లో హాలీవుడ్ తీసిన మేసన్ సినిమాలు ఆయనకి నచ్చలేదు. అందుకే 1957లో సీరియల్ మొదలైనప్పుడు స్క్రిప్టుల మీద పట్టు తన చేతిలోనే ఉంచుకున్నాడు. రేమండ్ బర్ మేసన్‌గా 1966 దాకా 271 ఎపిసోడ్లు నడిచింది. ఆఖరి ఎపిసోడ్‌లో జడ్జి కుర్చీలో కనపడేది గార్డ్‌నరే. భార్య నటాలీతో 1930ల్లోనే విడిపోయినా విడాకులు తీసుకోలేదు. ఆవిడ 1968లో పోయాక, ఏళ్ల తరబడి సెక్రటరీగా ఉన్న జీన్ బెథెల్‌ని పెళ్లి చేసుకున్నాడు. 1970 మార్చి 11న టెమెక్యులాలోని తన పొలంలో పోయాడు.

గొప్ప నవలాకారుడా అంటే నేను అవుననను. మేసన్ మొహం ఎలా ఉంటుందో 82 నవలలు చదివినా చెప్పలేం. డబ్బులేనివాడి బాధ, భయపడ్డ సాక్షి ఇంటి పరిస్థితి ఆయనకి పట్టలేదు. అది కావాలంటే మన విశాఖపట్నం ప్లీడరు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ చదవాలి. కోర్టు వరండాలో మనుషులు ఎలా మాట్లాడతారో అందులో ఉంది. గార్డ్‌నర్ దగ్గర నేర్చుకోవాల్సింది కథ నడక. వాదన ఏ వరసలో పేర్చాలి, ఏ సంగతి ఎప్పుడు బయటపెట్టాలి అన్నది. ఈ ఇద్దరూ కలిసిన తెలుగు కోర్టు నవల నాకింకా తగల్లేదు.

ప్రాక్టీసు మానెయ్యాలా అంటే, ఇప్పుడే వద్దు. జూనియర్‌గా వచ్చేది తక్కువే, తెలుసు. కానీ ఆ టెన్షన్‌కి తోడు నవల అమ్ముడుపోతుందా లేదా అన్న టెన్షన్ కూడా పెట్టుకుంటే రెండూ చెడతాయి. క్లయింటు మీకు చెప్పింది మాత్రం పేర్లు మార్చి కూడా రాయకండి. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 126, ఇప్పటి చట్టంలో 132, కేసు ముగిసినా ఆ బాధ్యత ముగియదు. ఓపెన్ కోర్టులో నడిచిన సాక్ష్యం వేరు, అది అందరిదీ. అయినా చిన్న ఊళ్లో పేరు మారిస్తే సరిపోదు, ఊరూ వృత్తీ చుట్టరికం కూడా మార్చాలి. నవల రాయడానికి బార్ కౌన్సిల్ అడ్డు చెప్పదు, పుస్తకం అట్టని మీ ఆఫీసు బోర్డుగా వాడుకుంటే మాత్రం చెబుతుంది.

చదవడానికి వరస: ‘వెల్వెట్ క్లాస్’తో మొదలుపెట్టకండి, అందులో కోర్టు సీనే లేదు, నిరాశపడతారు. ముందు ‘హౌలింగ్ డాగ్’ చదవండి. తర్వాత ‘ద కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ సంపాదించండి. ఆ పైన అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మేసన్ ఏది దొరికితే అది తీసుకోండి, ఏ నవలకా నవల విడికథే కాబట్టి వరస అక్కర్లేదు. ఆఖరి పేజీలు చిరగలేదని చూసుకుని మరీ కొనండి.